మడత కత్తిలోని ఉక్కు

ఒక చిక్కు ప్రశ్నతో మొదలుపెడదాం. డి2 అని ఒక రకం ఉక్కు ఉంది. అచ్చులకు, కత్తులకు వాడతారు. అందులో నూటికి 12 పాళ్ళు క్రోమియం. 2021లో అమెరికాలో వెలువడిన మాగ్నాకట్ అనే కత్తి ఉక్కులో క్రోమియం నూటికి 10.7 పాళ్ళే. ఉక్కును తుప్పు నుంచి కాపాడేది క్రోమియం అని మీరు పాఠాల్లో చదివే ఉంటారు. ఈ రెండు ఉక్కుల మీదా ఉప్పునీళ్ళు చల్లి ఉంచితే ఏది ముందు తుప్పు పడుతుంది? క్రోమియం తక్కువ కాబట్టి మాగ్నాకట్ అంటారు మీరు. కాని జరిగేది వేరు. డి2 మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి. మాగ్నాకట్ తళతళలాడుతూనే ఉంటుంది.

ఎక్కువ ఉన్నది ఎందుకు ఓడింది? తక్కువ ఉన్నది ఎట్లా గెలిచింది? దీనికి జవాబు జేబులో పట్టే మడత కత్తి ఒకదాన్ని విప్పి చూస్తే దొరుకుతుంది. మడత కత్తే ఎందుకంటారా? ఉక్కును ఇంతగా పరీక్షించే పనిముట్టు ఇంకొకటి అరుదు. దాని బ్లేడు పలచన, పొట్టి. రోజంతా జేబులో చెమటకు నానుతుంది. పొద్దున అట్టపెట్టె కోస్తుంది, మధ్యాహ్నం నిమ్మకాయ, సాయంత్రం నైలాన్ తాడు. తుడిచి నూనె రాసే ఓపిక చాలామందికి ఉండదు. అందువల్లనే గత నలభై ఏళ్ళలో కత్తి ఉక్కులో వచ్చిన పెద్ద మార్పులెన్నో మడత కత్తుల కోసమే వచ్చాయి.

మూడు కోరికలు

కత్తి చేసేవాడు ఉక్కును మూడు వరాలు అడుగుతాడు. గట్టిగా ఉండాలి, విరగకూడదు, తుప్పు పట్టకూడదు. చిక్కేమిటంటే ఈ మూడూ ఒకదానితో ఒకటి పోట్లాడుకొనే వరాలు.

మొదటిది కాఠిన్యం. పదునైన అంచును మన పెద్దలు 'వాదర' అన్నారు. వాదర మెత్తనైతే రెండు కోతలకే పక్కకు వాలిపోతుంది. కాఠిన్యాన్ని కొలవడానికి అమెరికాలో రాక్‌వెల్ అనే ఇంటిపేరు గల ఇద్దరు కనిపెట్టిన పద్ధతి ఒకటి ఉంది. దానికి 1919లో పేటెంటు వచ్చింది. 120 డిగ్రీల కొన గల వజ్రపు శంకువును ముందు 10 కిలోల బరువుతో ఉక్కు మీద ఆనిస్తారు. బరువును 150 కిలోలకు పెంచి, మళ్ళీ 10 కిలోలకు తగ్గించి, శంకువు అదనంగా ఎంత లోతు దిగిందో చూస్తారు. ప్రతి 0.002 మిల్లీమీటరు లోతుకు ఒక అంకె చొప్పున 100 నుంచి తీసివేస్తారు. ఉక్కు కాఠిన్యం 60 అన్నారనుకోండి, లోతు ఎంత? 40 ను 0.002 తో గుణించండి: 0.08 మిల్లీమీటరు. మన వెంట్రుక మందం కూడా సుమారుగా అంతే! ఎర్ర పిడి మీద తెల్ల సిలువ గుర్తుండే స్విట్జర్లాండు మడత కత్తుల బ్లేడు కాఠిన్యం 56 దరిదాపుల్లో ఉంటుంది. ఖరీదైన మడత కత్తులు 60 నుంచి 64 దాకా పోతాయి.

రెండవది దృఢత్వం, అంటే దెబ్బను ఓర్చుకొనే గుణం. గాజు మెత్తని ఇనుము కంటే గట్టిది. గాజు ముక్కతో గుడ్డ కోయవచ్చు కూడా. అయినా గాజు కత్తితో ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. సాధారణంగా ఉక్కు కాఠిన్యం పెరిగేకొద్దీ గాజు స్వభావం వస్తుంది, పెళుసుబారుతుంది.

మూడవది తుప్పు. మామూలు ఉక్కు కత్తిపీటతో మామిడికాయ తరిగి అట్లాగే వదిలేస్తే తెల్లారేసరికి నల్లబడి ఉండడం మీ ఇంట్లో చూసే ఉంటారు. కాయలోని ఆమ్లం ఇనుముతో చర్య జరిపింది. నలుపు అక్కడితో ఆగదు; వాదర దగ్గర లోహం మరీ పలచన కాబట్టి తుప్పు ముందు పదునునే తినేస్తుంది.

గదిలో ఇరుక్కున్న కార్బన్

కొలిమిలో కొడవలిని ఎర్రగా కాల్చి, చుయ్యిమంటూ నీళ్ళలో ముంచే కమ్మరిని చూడని పల్లె పిల్లలు ఒకప్పుడు ఉండేవారు కారు. ఆ చుయ్యిలో ఏం జరుగుతుంది?

మామూలు వేడిమిలో ఇనుప పరమాణువులు ఘనాకారపు గదులుగా అమరి ఉంటాయి. ఎనిమిది మూలల్లో ఎనిమిది, నట్టనడుమ ఒకటి. స్వచ్ఛమైన ఇనుమును 912 డిగ్రీల సెంటీగ్రేడు దాటి వేడి చేస్తే ఈ అమరిక మారిపోతుంది. నడిమి పరమాణువు ఉండదు. ఆరు ముఖాల మధ్యలోనూ ఒక్కొక్కటి వచ్చి కూర్చుంటుంది. విచిత్రమేమిటంటే ఈ రెండో అమరికలో పరమాణువులు మొత్తం మీద మరింత దగ్గరగా సర్దుకుంటాయి గాని, వాటి మధ్య మిగిలే సందులు మాత్రం పెద్దవి. కార్బన్ పరమాణువు చిన్నది. ఆ సందుల్లో హాయిగా ఇముడుతుంది. మొదటి అమరికలో ఎంత బలవంతపెట్టినా నూటికి 0.02 పాళ్ళకు మించి కార్బన్ పట్టదు. రెండవ దానిలో నూటికి 2 పాళ్ళు కూడా పడుతుంది.

ఇప్పుడు ఎర్రని ఉక్కును చటుక్కున చల్లార్చామనుకోండి. పరమాణువులు పాత అమరికలోకి పోవాలని చూస్తాయి. సందులు ఇరుకవుతాయి. కార్బన్ బయటపడదామంటే వ్యవధి లేదు. జాతర బస్సులో తలుపు దగ్గర ఇరుక్కున్నవాడిలాగా ఉన్నచోటే ఉండిపోతుంది. దాని ఒత్తిడికి ఘనాకారపు గది ఒకవైపు సాగి నిలువు పెట్టెలాగా తయారవుతుంది. ఇట్లా బిగుసుకుపోయిన గదుల వరుసలు ఒకదాని మీద ఒకటి సులభంగా జారవు. జారకపోవడమే కాఠిన్యం. ఈ స్థితికి మార్టెన్ సైటు అని పేరు, జర్మనీకి చెందిన అడాల్ఫ్ మార్టెన్స్ గౌరవార్థం.

అప్పుడే చల్లార్చిన ఉక్కు కింద పడితే పగలవచ్చు. అందుకని మళ్ళీ కొద్దిగా వేడి చేస్తారు, 150 నుంచి 300 డిగ్రీల మధ్య. కొంత కార్బన్ బయటికి జారుకుంటుంది, బిగువు సడలుతుంది, కాఠిన్యం కాస్త తగ్గి దృఢత్వం చాలా పెరుగుతుంది. ఈ రెండో వేడిని ఎక్కడ ఆపాలో తెలిసినవాడే అసలైన కమ్మరి.

క్రోమియం వచ్చింది, కార్బన్‌ను ఎత్తుకుపోయింది

1913లో ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణంలో హారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతున్నాడు. ఆ ఏడాది ఆగస్టులో 12.8 పాళ్ళు క్రోమియం, 0.24 పాళ్ళు కార్బన్ గల ఉక్కును పోత పోశాడు. అది ఆమ్లాలకు లొంగలేదు. షెఫీల్డు కత్తులకు పేరుపొందిన ఊరు. ఆయన మనసు వెంటనే కత్తుల మీదికి పోయింది. తొలి కత్తులకు పదును నిలవలేదు. 'కోయని కత్తులు కనిపెట్టిన మహానుభావుడు' అని ఊళ్ళో కత్తిపనివాళ్ళు ఎగతాళి చేశారట.

ఉక్కులో కరిగి ఉన్న క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలం మీద ఒక పొర కడుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో పదిలక్షో వంతులు కొన్ని మాత్రమే. గీరితే పోతుంది, కాని గాలి తగలగానే మళ్ళీ కడుతుంది. అయితే ఈ పొర గట్టిగా నిలవాలంటే క్రోమియం సుమారు 10.5 పాళ్ళకు తగ్గకూడదు.

మంచిదే. కాఠిన్యం కోసం కార్బన్ కూడా ఎక్కువ వేసేద్దాం అంటారా? చిక్కు అక్కడే మొదలవుతుంది. క్రోమియానికి కార్బన్ మీద ఇనుముకున్న దాని కంటే ఎక్కువ మోజు. రెండూ కలిసి క్రోమియం కార్బైడు అనే గట్టి కణాలుగా విడిపోతాయి. ఆ కణంలో చేరిన క్రోమియం తుప్పును ఆపే పనికి రాదు. ఆ నష్టం పూడ్చడానికి క్రోమియం పెంచాలి. పెంచితే మళ్ళీ కార్బైడులు పెరుగుతాయి. 440సి అనే పేరు పొందిన కత్తి ఉక్కులో కార్బన్ 1 పాలు అయితే క్రోమియం 17 పాళ్ళు పోయవలసి వచ్చింది అందుకే.

కార్బైడులు ఉంటే నష్టమేమిటి? అవి గట్టివే కదా, అరుగుదలను ఆపుతాయి కదా? ఆపుతాయి. కాని వాటి పరిమాణం చూడాలి. మీరు తినే పల్లీ పట్టీని తీసుకోండి. బెల్లం పాకం ఉక్కు, పల్లీలు కార్బైడులు. ఆ పట్టీతో బ్లేడులాంటి పలచని అంచు చెయ్యగలరా? పల్లీ బద్దే అంచు కంటే లావు. కొంచెం గీరితే బద్ద ఊడిపడుతుంది, అక్కడ గుంట మిగులుతుంది. మామూలుగా పోత పోసిన 440సి, డి2 వంటి ఉక్కుల్లో పెద్ద కార్బైడులు మిల్లీమీటరులో వందో వంతును దాటి ఉంటాయి. బాగా సానపట్టిన వాదర కొన మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే పలచన. పైగా పెద్ద కార్బైడు చుట్టే పగుళ్ళు మొదలవుతాయి. దృఢత్వం పోయేది అక్కడే.

పూసలు కట్టని నెయ్యి

కార్బైడులు ఎందుకంత పెద్దవవుతాయి? ద్రవ ఉక్కును పెద్ద దిమ్మెగా పోత పోసినప్పుడు అది లోపల గంటల తరబడి నెమ్మదిగా గడ్డకడుతుంది. వెన్న కాచిన నెయ్యిని కదలనీయకుండా నెమ్మదిగా చల్లారనిస్తే పెద్ద పెద్ద పూసలు కడుతుంది. గబగబా చల్లబరిస్తే నున్నగా పేరుకుంటుంది. సూత్రం ఒక్కటే: కణాలు పెరగడానికి వ్యవధి ఇస్తే పెరుగుతాయి.

అమెరికాలోని క్రూసిబుల్ అనే ఉక్కు సంస్థ 1970 ప్రాంతంలో ఆ వ్యవధిని తీసేసింది. ద్రవ ఉక్కును సన్నని ధారగా వదిలి, దాని మీద నైట్రోజన్ వాయువును అధిక పీడనంతో కొట్టారు. ధార తుంపరలుగా చెదిరి, గాలిలోనే గడ్డకట్టి, పొడిగా రాలింది. ఒక్కొక్క రేణువూ తనకు తానే ఒక బుల్లి దిమ్మె. లోపలి కార్బైడులు పెరగకముందే బిగుసుకుపోయాయి. ఆ పొడిని ఉక్కు డబ్బాల్లో నింపి, గాలి తీసేసి, మూత అతికి, అన్ని వైపుల నుంచీ సుమారు వెయ్యి వాతావరణాల పీడనంతో వేడిగా నొక్కితే రేణువులన్నీ ఒకటై గట్టి కడ్డీ అవుతుంది. కరిగించరు, గమనించండి, కరిగిస్తే మొదటికే మోసం. ఇప్పుడు కార్బైడులు మిల్లీమీటరులో వెయ్యో వంతుకు రెండు మూడు రెట్లు మాత్రమే. పల్లీ పట్టీ కాస్తా పల్లీ పొడి కలిపిన పాకమైంది.

ఇంకొక మేలు కూడా కలిగింది. వెనెడియం క్రోమియం కంటే గట్టి కార్బైడు ఇస్తుంది. కాని ఎక్కువ వేస్తే పోత పోసిన దిమ్మెలో పెద్ద పెద్ద ముద్దలు కట్టేది. పొడి పద్ధతిలో ఆ భయం తగ్గింది. 2001లో ఇదే సంస్థ ప్రత్యేకంగా కత్తుల కోసమే ఎస్30వి అనే ఉక్కును తెచ్చింది: కార్బన్ 1.45, క్రోమియం 14, వెనెడియం 4, మాలిబ్డినం 2 పాళ్ళు. తయారీలో సంస్థ శాస్త్రజ్ఞుడు డిక్ బార్బర్ కత్తులు చేసేవాళ్ళను, ముఖ్యంగా క్రిస్ రీవ్‌ను సంప్రదించాడు. అంతకు ముందు కత్తులకు దొరికినవి చాలామట్టుకు బేరింగుల కోసమో, అచ్చుల కోసమో చేసినవి.

వెనెడియం కార్బైడుతో గృహస్థుకు ఒక ఇబ్బంది ఉంది. మామూలు సానరాళ్ళలో ఉండే అల్యూమినియం ఆక్సైడు కంటే అది గట్టిది. రాయి చుట్టూ ఉన్న ఉక్కును మాత్రమే అరగదీస్తుంది, కార్బైడును కాదు. కనుక ఇట్లాంటి కత్తులకు వజ్రపు పొడి అతికిన పలకలు వాడతారు. అంగట్లో అందమైన కత్తి కొని, ఇంటికి వచ్చాక సానపట్టలేక మూలన పడేసేవాళ్ళు ఉన్నారు.

వెనెడియం పేరు వచ్చింది కనుక మనవాళ్ళ సంగతి ఒకటి. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో ఒకప్పుడు మూసలలో ఉక్కు కరిగించేవారు. దాన్ని కొనడానికి పారశీక దేశం నుంచి వర్తకులు వచ్చి మకాం వేసేవారు. హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు ఇదంతా స్వయంగా చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. ఇంగ్లీషులో ఇట్లాంటి ఉక్కును 'వూట్జ్' అన్నారు. మన 'ఉక్కు' మాటే అట్లా మారిందని పలువురు పండితుల అభిప్రాయం. పశ్చిమాసియాలో ఆ ఉక్కుతో చేసిన కత్తుల మీద నీటి అలల వంటి చారలు కనిపించేవి. ఆ చారలు వరుసలు తీరిన ఇనుప కార్బైడు కణాలు. అవి వరుసలుగా చేరడానికి ఖనిజంలో అతి స్వల్పంగా ఉన్న వెనెడియం వంటి మూలకాలు కారణమని అమెరికా లోహ శాస్త్రజ్ఞుడు వెర్హోవెన్, కత్తులు చేసే పెండ్రే కలిసి ప్రయోగాలు చేసి 1998లో ప్రకటించారు. కోనసముద్రం కమ్మరికి వెనెడియం పేరు తెలియదు. ఏ గుట్ట ఖనిజం మంచిదో మాత్రం తెలుసు.

రిజిస్టరులో పేరు, బెంచీ మీద మనిషి

ఇక మన చిక్కు ప్రశ్నకు వద్దాం. డి2లో కార్బన్ 1.5 పాళ్ళు. అది క్రోమియంలో సగం దాకా కార్బైడులలోకి లాగేసుకుంటుంది. ఇనుములో కరిగి మిగిలేది 6 పాళ్ళు, అటూ ఇటుగా. రిజిస్టరులో పన్నెండు పేర్లు ఉన్నాయి, బెంచీల మీద ఆరుగురే కూర్చున్నారు. తుప్పు రిజిస్టరు చూడదు, బెంచీలు చూస్తుంది. డి2ను తుప్పు పట్టని ఉక్కుల జాబితాలో చేర్చనిది అందుకే.

లారిన్ థామస్ అనే లోహ శాస్త్రజ్ఞుడు దీన్ని తిరగేసి ఆలోచించాడు. ఆయన తండ్రి పొరల ఉక్కుతో కత్తులు చేసే పనివాడు. కొడుకు కత్తుల ఉక్కు గురించి ఒక పుస్తకం కూడా రాశాడు. క్రోమియం పెంచి తుప్పును గెలవాలని అందరూ చూశారు. అసలు క్రోమియం కార్బైడులే పుట్టకుండా చేస్తే? ఉన్న క్రోమియమంతా కరిగే ఉంటుంది కదా! పెద్ద కార్బైడులూ ఉండవు కనుక దృఢత్వమూ పెరుగుతుంది.

ఎట్లా చెయ్యాలి? కార్బన్ కోసం పోటీ పెట్టాలి. వెనెడియం, నియోబియం అనే రెండు మూలకాలకు కార్బన్ మీద క్రోమియం కంటే ఎక్కువ మక్కువ. అవి ముందుగా కావలసిన కార్బన్ తీసుకొని, చిన్నవి, మహాగట్టివి అయిన కార్బైడులు కడతాయి. ఇక మిగిలే కార్బన్ మార్టెన్ సైటు గట్టిపడడానికి సరిపోవాలి గాని, క్రోమియం చేతికి చిక్కేటంత ఉండకూడదు. ఈ తూకం కంప్యూటరు లెక్కలతో కట్టాడు. కార్బన్ 1.15, క్రోమియం 10.7, వెనెడియం 4, నియోబియం 2, మాలిబ్డినం 2, నైట్రోజన్ 0.2 పాళ్ళు. దీన్నీ క్రూసిబుల్ సంస్థే పొడి పద్ధతిలో చేసింది. సుమారు 1120 డిగ్రీలకు వేడి చేసి చల్లార్చితే క్రోమియం దాదాపు అంతా ఇనుములో కరిగే ఉండిపోతుంది. రిజిస్టరు, బెంచీ సరిపోయాయి.

ఇట్లాంటి ఉక్కులకు నీటి చల్లదనం చాలదు. ఇతర మూలకాలు ఎక్కువైనప్పుడు కొంత భాగం గది ఉష్ణోగ్రతలో కూడా వేడి నాటి అమరికనే పట్టుకు వేలాడుతుంది, మెత్తగా ఉంటుంది. అందుకని బ్లేడును ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల చలిలో ముంచి దాన్నీ మారుస్తారు. తర్వాత రెండో వేడి. ఇంత చేశాక కాఠిన్యం 62, 63 దగ్గర నిలుస్తుంది.

ఇది అన్నిటా మొదటిదేం కాదు. 9 పాళ్ళు వెనెడియం గల ఎస్90వి ఉక్కుకు దీని కంటే అరుగుదల తక్కువ. డబ్బాలు కోసే పనికి అదే మెరుగు కావచ్చు. కాని మూడు కోరికలనూ ఒకేసారి ఇంత దూరం తీసుకుపోయిన కత్తి ఉక్కులు తక్కువ. ఇంత పేరు తెచ్చుకున్నా క్రూసిబుల్ సంస్థ మాత్రం 2024 డిసెంబరులో దివాలా దరఖాస్తు పెట్టవలసి వచ్చింది. మంచి ఉక్కు చేయడం వేరు, ఉక్కు అమ్మి బతకడం వేరు.

మడతలో ఉన్న లెక్క

ఉక్కు ఎంత గొప్పదైనా మడత కత్తిలో ఇంకొక బలహీనత ఉంది: కీలు. తెరిచిన బ్లేడు పనిలో ఉండగా మడుచుకుపోతే తెగేది వేళ్ళు. ఈ ఒక్క భయం చుట్టూనే మడత కత్తి నిర్మాణమంతా నడిచింది.

పాత కత్తుల్లో వెన్ను వెంబడి ఉక్కు పట్టీ ఒకటి స్ప్రింగులాగా బ్లేడు మడమను నొక్కి ఉంచుతుంది. అది తాళం కాదు, అడ్డం మాత్రమే. 1964లో అమెరికాలో బక్ సంస్థ అమ్మిన 110 నంబరు కత్తితో వెన్ను తాళం ప్రసిద్ధికెక్కింది. బ్లేడు మడమలో గాడి, అందులో పడే కొక్కెం. 1980ల తొలినాళ్ళలో మైకేల్ వాకర్ పిడి లోపలి రేకునే ఒక పక్కకు వంచి, బ్లేడు తెరుచుకోగానే దాని వెనకకు దూకేటట్లు చేశాడు. ఆ దశాబ్దం చివర దక్షిణాఫ్రికాకు చెందిన క్రిస్ రీవ్ ఇంకొక అడుగు వేశాడు. లోపల వేరే రేకు ఎందుకు, టైటానియం పిడినే చీల్చి తాళం చేద్దాం అన్నాడు. ఆ కత్తి పేరు సెబెంజా. జులూ భాషలో పని అని అర్థం. ఈనాడు దాని ధర వందల డాలర్లు.

టైటానియం ఎందుకు? పిడికి వాడేది 6 పాళ్ళు అల్యూమినియం, 4 పాళ్ళు వెనెడియం కలిసిన మిశ్రలోహం. ఉక్కు బరువులో ఇంచుమించు 57 శాతమే. పైగా ఒకే బలానికి అది ఉక్కు కంటే ఎక్కువ వంగి, మళ్ళీ యథాస్థితికి వస్తుంది. అంటే మంచి స్ప్రింగు. కాని ఉక్కుతో రుద్దుకుంటే అంటుకుపోయే దుర్గుణం ఉంది. తాళం పట్టేసి, విడిపించడానికి బొటనవేలు నొప్పి పుడుతుంది. అందుకని తాళం కొసను గట్టిపరచడమో, అక్కడ పింగాణీ వంటి గట్టి పదార్థపు గోళీ అమర్చడమో చేస్తారు.

ఇప్పుడు మీ పాఠంలోని బల భ్రామకం పనికి వస్తుంది. కోసేటప్పుడు బలం వాదర మీద పడి బ్లేడును ఇంకా తెరిచే వైపుకే నెడుతుంది. దాన్ని ఆపేది అడ్డంగా ఉన్న ఒక గట్టి పిన్ను. తాళానికి పరీక్ష వచ్చేది వెన్ను మీద బలం పడినప్పుడు. కొయ్యలో ఇరుక్కున్న బ్లేడును అటూ ఇటూ ఊపి లాగినప్పుడు. కీలు నుంచి 80 మిల్లీమీటర్ల దూరంలో, బ్లేడు కొసన, వెన్ను మీద 5 కిలోల బలం పడిందనుకుందాం. తాళం కీలుకు 8 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. 5 ను 80 తో గుణించి 8 తో భాగించండి. తాళం మీద పడే బలం 50 కిలోలు! దీనికి మరో పక్క కూడా ఉంది. తాళం దగ్గర 0.02 మిల్లీమీటరు వదులుంటే కొసన 0.2 మిల్లీమీటరు ఆడుతుంది, చేతికి తెలుస్తుంది. ఖరీదైన మడత కత్తిలో మీరు డబ్బు ఇచ్చేది ఉక్కుకు కొంత, ఈ వందో వంతు మిల్లీమీటర్ల కొలత పనికి ఎక్కువ అని నా అభిప్రాయం. అంత డబ్బు పెట్టి కొనాలా అంటే, వంటింట్లో మామిడిపండుకు అక్కర లేదు. సముద్రం మీద వలలు కోసేవాడికి, కొండలెక్కేవాడికి లెక్క వేరు.

కొత్త ఉక్కు దృఢత్వం దేనికి పనికి వస్తుంది? కత్తిని విసిరి ఆడడానికి కాదు. వాదరను సన్నని కోణంలో సానపట్టడానికి. ఒక్కొక్క పక్క 20 డిగ్రీలతో నిలిచే వాదర, ఉక్కు దృఢమైనదైతే 15 డిగ్రీలతోనూ చిట్లకుండా నిలుస్తుంది. షెఫీల్డులోని ఒక పరిశోధన సంస్థ ఇసుక పొడి కలిపిన అట్టను బ్లేడుతో వరుసగా కోయించి, ఎన్ని కోతలకు ఎంత అట్ట తెగిందో కొలిచే యంత్రం చేసింది. దానితో చేసిన పరీక్షల్లో ఉక్కు మార్చడం ఎంత మేలు చేసిందో, కోణం తగ్గించడం కూడా అంతటి మేలు చేయగలదని తేలింది. మొద్దు కోణంలో సానపట్టిన మాగ్నాకట్ కంటే సన్నని కోణంలో చక్కగా పట్టిన మామూలు ఉక్కే హాయిగా కోస్తుంది.

చేసి చూడండి

కుట్టుసూదులు మూడు తీసుకోండి. మామూలు ఉక్కు సూదులే కావాలి. పక్కన ఉపాధ్యాయుడు ఉండాలి, కళ్ళకు అద్దాలు పెట్టుకోవాలి, సూదిని పట్టకారుతోనే పట్టుకోవాలి. మొదటి సూదిని స్పిరిటు దీపం మీద ఎర్రగా కాల్చి, మంటలోంచి నెమ్మదిగా పైకి తీస్తూ చల్లారనివ్వండి. రెండవదాన్ని ఎర్రగా ఉండగానే నీళ్ళలో వేయండి. మూడవదాన్ని కూడా నీళ్ళలో వేసి తీసి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, మంటకు కొంచెం ఎడంగా పట్టుకొని చూస్తూ ఉండండి. ముందు గడ్డి రంగు, తర్వాత ఊదా, తర్వాత నీలం వస్తుంది. నీలం రాగానే తీసేయండి. సూది దాదాపు 300 డిగ్రీలకు చేరిందని ఆ రంగే చెబుతుంది. చల్లారిన తర్వాత మూడింటినీ రెండేసి పట్టకార్లతో వంచండి. ఒకటి వంగి అట్లాగే ఉండిపోతుంది, ఒకటి పుటుక్కున విరుగుతుంది, ఒకటి వంగి లేస్తుంది. ఏది ఏదో మీరే రాసుకోండి.

రెండో ప్రయోగానికి అయస్కాంతం చాలు. ఇంట్లో తుప్పు పట్టని వంటింటి కత్తికి దాన్ని అంటించండి, పట్టుకుంటుంది. తుప్పు పట్టని భోజనం పళ్ళేనికి అంటించండి. కొన్ని పళ్ళేలు అంటుకుంటాయి గాని, మేలురకపు పళ్ళెం చాలావరకు అంటుకోదు. అందులో 18 పాళ్ళు క్రోమియంతో పాటు 8 పాళ్ళు నికెల్ ఉంటుంది. మూలల్లో, ముఖాల మధ్యలో పరమాణువులుండే ఆ వేడి అమరికను నికెల్ చల్లారిన తర్వాత కూడా మారనివ్వదు. ఆ అమరికను అయస్కాంతం పట్టుకోదు. అమరిక మారదు కనుక కార్బన్ ఇరుక్కోదు, మార్టెన్ సైటూ పుట్టదు. ఆ పళ్ళేన్ని కోసి ఎన్నిసార్లు కాల్చి నీళ్ళలో ముంచినా అది కత్తి కాదు.